రెండో రింగు

చిత్తూరు దాటి పలమనేరు రోడ్డెక్కగానే
రేకుల షెడ్డు. దాని ముందర, ముక్కు పొడుచుకొచ్చిన శక్తిమాన్.
పచ్చ మీద నీలం, నీలం మీద పసుపు,
పసుపు మీద చెంగల్రాయులు కూతురి పేరు.
గోటితో గీరితే అడుగున మళ్లీ పచ్చే.

మిలిటరీ వేలంలో కొన్న బండి.
సిపాయిలు కూర్చున్న వీపు మీద
ఇప్పుడు బోరు గొట్టాలు.

రాత్రి పుంగనూరు పక్కన
పదకొండు వందల అడుగులు దిగి
తెల్లటి దుమ్మొక్కటే పైకి తెచ్చిందట.
"నీళ్లను రమ్మంటే రావు,
నూనెను ఆగమంటే ఆగదు"
చెంగల్రాయులు బీడీ పారేసి, మళ్లీ వంగి ఏరుకున్నాడు.

అప్పటికే మూడు షెడ్లు తిరిగొచ్చింది.
ఒకడు గమ్ము పూశాడు.
ఒకడు సైకిలు ట్యూబు కోసి చుట్టాడు.
మూడోవాడు పానాకు పైపు తొడిగి
కాలితో తొక్కి మరీ బిగించాడు.

మా హవల్దారు ఏకాంబరం ఇంజను వైపే చూడలేదు.
కింద పాత పేపరు పరిచి టీకి పోయాడు.
వచ్చినాక డీజిలుతో కడిగించి, గుడ్డతో ఆరదుడిపించి
"ఒరే మునిరత్నం, ఇంట్లో మొహం పౌడరు డబ్బా పట్రా" అన్నాడు.
"పెళ్లిచూపులా దానికి?" అంది లోపల్నించి రుక్కమ్మక్క.

ఫిల్టరు గిన్నె చుట్టూ పౌడరు చల్లి స్టార్టు చేశాం.
షెడ్డంతా దగ్గింది.
తెల్లటి పౌడరులో ఒక నల్లచీమ బయల్దేరినట్టు
నూనె పైనుంచి, అంచు దగ్గర్నుంచి, దారి గీసుకుంటూ దిగింది.
"చూసినావా? కారేది యాడో, కనబడేది యాడో.
ముగ్గురూ కన్నీళ్లు తుడిచినారు గానీ
కంట్లో నలుసు చూడలేదు."

గిన్నె దించాం. నల్లటి నూనె నా మోచేతి దాకా.
గోనె సూది వంచి, గాడిలో పెట్టి
కొత్త రింగు లేపాడు.
సూది ఆగలేదు. ఇంకా లోపలికి పోయింది.
కొత్త రింగు కింద ఇంకో రింగు.
తారులా గట్టిపడి, ఇనుముతో కలిసిపోయి
పెచ్చులు పెచ్చులుగా ఊడింది.

"పాతది తీయకుండా కొత్తది పెట్టినాడు ఎవడో.
ఎంత బిగించినా కూర్చోదు."
ఆ ఎవడో వెధవను చెంగల్రాయులు తిట్టాడు, తల్లిని కలిపి.

ఏకాంబరం పెచ్చును అరచేతిలో తిప్పుతున్నాడు.
"రాత్రి రెండుకు బండి కదలాల.
టార్చి పళ్లతో కరుచుకోవాల.
మంచుకు వేళ్లు మొద్దుబారితే
గాడిలో ఏముందో గోటికి తెలీదు."
ఇంకాసేపటికి, ఎవరితోనో కాదన్నట్టు:
"ఆ చలికాలం రోజుకు పద్నాలుగు బండ్లు చేసినా నేను."

చెంగల్రాయులు బీడీ ఆరిపోయింది. వెలిగించుకోలేదు.

నడిమి బోల్టు కింది రాగి వాషరును
టీ స్టవ్వు మీద ఎర్రగా కాల్చి నీళ్లలో వేశాడు.
"ఉక్కునిట్ల చేస్తే మొండికేస్తాది, రాగి మెత్తబడతాది.
అదే నిప్పు, అవే నీళ్లు."
గాడిని మూడుసార్లు తుడిచాడు. నాలుగోసారి నన్ను తుడవమన్నాడు.
కొత్త రింగుకు కొత్త నూనె వేలితో రాశాడు,
పసిబిడ్డకు రాసినట్టు.
"చేతికి తగిలినాక ఇంకో పావు చుట్టు. సాలు.
బలం చూపించేది యాడన్నా చూపించుకో, ఈడ కాదు."

"కూలెంతన్నా?"
"రింగు డబ్బులియ్యి."
"కూలన్నా..."
"ఎనక టైర్లు నున్నగయిపోయినాయి. చచ్చేదాకా తిప్పుతావా?"
అని అరిచాడు, అవసరానికి మించి.

రాత్రంతా బండి అక్కడే.
తెల్లారి నేను పాక్కుంటూ పోయి
కింద పరిచిన పేపరు లాగి చూశాను.
ఈ వారం వానలొస్తాయని రాసిన
పోయిన నెల పేపరు.
ఒక్క అక్షరమూ తడవలేదు.