డ్రమ్ము అడుగున

హొసకోటె పక్కన మా షెడ్డులో
డిసెంబరు తెల్లవారి అయిదింటికి పన్నెండు డిగ్రీలు.
ఇదేం చలి అంటాడు ఓబళప్ప.
లేహ్‌లో పద్నాలుగేళ్ళు మిలిటరీ లారీ తోలినవాడు.
అంటాడే గానీ మఫ్లరు తియ్యడు.

రెండు ట్రాక్టర్లు, ఒక డీజిలు డ్రమ్ము, ఒక లెక్కల పుస్తకం:
నా రాజ్యం ఇంతే.
ద్రాక్షతోటలకి, గులాబీ మళ్ళకి గంట లెక్కన బాడుగకిస్తాను.
చేతికి ఎంత సబ్బు రుద్దినా
పెరుగన్నంలో కూడా అదే వాసన.

"అక్కడ డీజిలు నెయ్యిలా పేరుకుంటాది చెంగమ్మా.
ఫిల్టరు నిండా మైనం.
టాంకు కింద మంట పెట్టేవాళ్ళం,
పసిబిడ్డ పొట్టకి కాపడం పెట్టినట్టు, భయంభయంగా.
కాస్త కిరసనాయిలు కలిపితే కాస్త కనికరించేది.
రాత్రి ఇంజిను ఆపితే
పొద్దున అది దేవుడు చెప్పినా వినదు."

నేను నవ్వేదాన్ని.
మా ఊరి చలి కొబ్బరినూనె సీసా దాకా వస్తుంది,
డీజిలు దాకా రాదు.

అయినా రోజూ పొద్దుగూకేసరికి అదే పాట.
టాంకు మెడదాకా నింపు, డ్రమ్ము మూత బిగించు.
నింపితే నా డబ్బు రాత్రంతా టాంకులో నిద్రపోతుంది,
పైపు వేసి లాగేవాడు మాత్రం నిద్రపోడు.
సగం చాలన్నాను.
యజమాని మాట కదా, సగమే పోశారు.

నందగుడి తోటాయన ఆరింటికి రమ్మన్న రోజు
బండి రెండుసార్లు దగ్గింది,
తెల్లటి పొగ ఒకటి వదిలి
ఊరుకుంది.

ఓబళప్ప ఏమీ అనలేదు.
ఫిల్టరు కింద మర తిప్పి
టీ గ్లాసు పట్టాడు.
ట్యూబులైటుకి ఎత్తి చూపించాడు:
పైన పసుపు, కింద తేట.
మధ్యన గీత, దారం పట్టి కొట్టినట్టు.

నీళ్ళు.

ఎవరు కలిపారు?
బంకులో కుర్రాణ్ణి తిట్టాను.
తర్వాత, ఇది చెప్పుకోడానికి సిగ్గే,
మా సిద్దేశుకి ఫోను చేసి
"ఎంతకి అమ్ముకున్నావురా" అన్నాను.
అవతల కాసేపు కోడికూత మాత్రం వినబడింది.

ఓబళప్ప డ్రమ్ము మూత విప్పి
లోపలివైపు అరచేత్తో తుడిచి
ఆ చెయ్యి నా ముందు చాపాడు.
చుక్కలు.
"ఎవరూ పొయ్యలేదమ్మా. రాత్రి పోసింది.
పగలు ఎండకి కాగుతాది, రాత్రి చల్లబడతాది.
ఖాళీగా ఉన్న సగం ఊపిరి పీలుస్తాది.
పీల్చింది చెమటై అడుక్కి దిగుతాది."

అంటే చలి వచ్చిందే.
డీజిలుని వదిలేసి
నేను మిగిల్చిన ఖాళీని పట్టుకుంది.

ఆ పూట డ్రమ్ము వంపాం.
అడుగున నల్లటి జిగురు, ఏట్లో రాళ్ళమీది పాచిలాగ.
నూనెకీ నీళ్ళకీ మధ్య సందులో
ఏదో బతుకుతోందిట, నూనె తిని.
ఎస్.జె.పి. రోడ్డులో మందు సీసా కొన్నాను,
వంద లీటర్లకి ఒక మూత.
వడపొయ్యడానికి మెత్తటి తోలుగుడ్డ.
ఇప్పుడు డ్రమ్ము పడుకునుంది,
కొళాయి వైపు రెండు ఇటుకలు ఎత్తు.
కొత్త డీజిలు వస్తే రెండ్రోజులు ముట్టుకోం.
తేరుకోనిస్తాం.

సిద్దేశు కూడా రెండ్రోజులు రాలేదు.

మూడోనాడు వచ్చాడు,
ఎప్పటిలాగే సైకిలు గోడకి ఆనించి.
ఏం చెప్పాలో నిన్నటినించీ కూర్చుకున్నాను,
నోరు తెరిస్తే "తిన్నావా" అని వచ్చింది.
తలూపాడు.

సాయంత్రం ఆరయింది. మంచు దిగుతోంది.
టాంకులో నేనే పోశాను, మెడదాకా.
పొంగి కొంచెం నా చెప్పు మీద పడింది.
వాడు పాతగుడ్డ అందించాడు,
నా మొహం చూడకుండా.
తుడుచుకుని
మూత బిగించాను.