నీటి లెక్క

సొహార్‌లో పొద్దున ఐదున్నరకే
ఎండ బూట్లేసుకుని డ్యూటీకొస్తుంది.
నేనూ వస్తాను, బూట్లు పట్టక చెప్పులతో.

డయాలసిస్ గదిలో పన్నెండు కుర్చీలు,
పన్నెండు యంత్రాలు, వాటి గొణుగుడు.
మనుషుల్లోంచి నీళ్ళు తీయడం నా ఉద్యోగం.
వచ్చేటప్పుడు తూచి, వెళ్ళేటప్పుడు తూచి
మధ్యలో పోయిన రెండు కిలోలను
చార్టులో రాసి సంతకం పెడతాను:
కె. దీవెన, స్టాఫ్ నర్సు.
ఈ మధ్య సంతకానికి
బల్లకు బెత్తెడు దూరంలో నిలబడాల్సొస్తోంది.

సెలవు తొంభై ఎనిమిది రోజులు.
ముందు వాడుకున్నదంతా వెనక తరుగు.
ఒకటే గిన్నెడు పెరుగు,
ఈ పూట గరిటె జారితే
రేపటికి తోడుకే మిగలదు.

దుఖ్మ్ నుంచి ప్రభుదాసు ఫోను:
"ఎనిమిదో నెలతో ఆపెయ్యమన్నానా లేదా?"
నరసాపురం నుంచి అక్క:
"నొప్పులొచ్చిన పొద్దున కూడా
రొయ్యల షెడ్డులో తలలు తీశానే నేను!"
హెడ్ నర్సు లీలామ్మ ఏమీ అనదు.
రోస్టరులో నా పేరు మాత్రం
ఏడో నెల నుంచీ పెన్సిలుతో రాస్తోంది.

రాత్రి మూడింటికి పక్కకు తిరగలేక
వేళ్ళు మడుచుకుంటూ పడుకుంటాను.
కానుపు రోజు దాకా పనిచేస్తే
తొంభై ఎనిమిదీ బిడ్డవే.
అప్పటికి బోర్లా పడుతుందేమో,
బోర్లా పడితే బొబ్బట్లు కదా,
నా చేత్తోనే వండుకోవచ్చు.
రెండు వారాలు ముందే ఆపితే
ఆ మధ్యాహ్నం నేను
ఎవరి బరువో తూస్తూ ఉంటాను.

ముప్పై ఏడో వారం. మంగళవారం.
నాలుగో కుర్చీలో ఉమ్ హమద్.
నాలుగేళ్ళుగా ఆమెకు సూది పెట్టేది నేనే,
వేరేవాళ్ళొస్తే చెయ్యి అబాయాలోకి లాక్కుంటుంది.
సూది పట్టుకుని వంగాను.
కడుపు కుర్చీ అంచుకు ఒత్తుకుంది.
లోపలివాళ్ళు విసుక్కుని ఒక్క తన్ను తన్నారు.
సూది ట్రేలో పెట్టి
స్టూలు మీద కూలబడ్డాను.

ఉమ్ హమద్ అయ్యో అనలేదు.
మెల్లగా ముందుకు వంగి
నా పిక్క ముందు ఎముక మీద
బొటనవేలు పెట్టి నొక్కింది,
వారానికి మూడుసార్లు ఆమెకు నేను నొక్కినట్టే.
తీసింది.
గుంట.
ఇద్దరం దాన్నే చూస్తున్నాం.
వాహిద్, ఇత్‌నేన్, తలాతా...
నేను లెక్కపెట్టగా విని నేర్చుకున్న లెక్కే.
పూడలేదు.
పదకొండు దగ్గర ఆగి
"ఖలాస్, యా బింతీ" అంది.
"నా నీళ్ళు నువ్వు తీస్తున్నావు, సరే.
నీ నీళ్ళు ఎవరు చూస్తున్నారు?"

మారిసెల్ వచ్చి నా చేతికి బీపీ పట్టీ చుట్టింది.
వచ్చిన అంకె
చెప్పుకోదగ్గదీ కాదు, దాచుకోదగ్గదీ కాదు.
అయినా ఆ రోజు ఉమ్ హమద్‌కు సూది నేనే పెట్టాను.
ఒక్క గుచ్చుకే పడింది. ఇద్దరికీ గర్వమే.

మధ్యాహ్నం ఫారం తీసుకుని
తేదీ గడి దగ్గర చాలాసేపు కూర్చున్నాను.
వచ్చే వారం ఆఖరు అని రాసి, కొట్టేసి,
ఈ గురువారం అని రాశాను.
లీలామ్మ రబ్బరుతో నా పేరు తుడిచింది.
గట్టిగా ఒత్తి రాసినట్టుంది,
పెన్సిలు పోయినా
కాగితం మీద దీవెన గుంటగా మిగిలింది.

బొబ్బట్ల సంగతి తర్వాత చూడాలి.
తొందరపడి ఎనభయ్యో రోజుకే బోర్లా పడుతుందేమో,
అన్నిటికీ ఆలస్యమయ్యే వాళ్ళ నాన్న పోలిక రాకపోతే.

ఇంకా రెండు రోజులుంది.
ఉమ్ హమద్ నరం
మోచేతికి పైన ఎక్కడ మెలిక తిరుగుతుందో
మారిసెల్‌కు బొమ్మ గీసివ్వాలి.