ఒక గాంధీ కొండ ఆలస్యం

బీసెంట్ రోడ్డు పక్క సందులో
మూడడుగుల కొట్టు నాది.
కంటికి కటకం బిగించుకుంటే
లోకమంతా ఒక పళ్లచక్రమంత.

సీలు మార్చమని హెప్సిబా ఇచ్చింది,
కొండలెక్కేవాళ్ల గడియారం.
నల్లటి మొహం, అయిదు మీటలు,
ఎంత ఎత్తులో ఉన్నామో చెబుతుందట.
"దీన్ని కట్టుకుని విమానంలోంచి దూకొచ్చా, మీరా అంకుల్?
అసలు మీటరు కొనాలంటే
ఇంకో రెండు నెలలు దూకకుండా కూర్చోవాలి."

నేనా, సైకిల్ మీంచి కూడా సరిగ్గా దిగలేనివాణ్ణి.
నాలుగు రోజులు ఉంచి వెళ్లమ్మా అన్నాను.

మొదటి రోజు బల్ల మీద పెట్టి ఊరుకున్నా.
ఇరవై నాలుగు మీటర్లంది. సరే.
ఆ రాత్రి బంగాళాఖాతంలో వాయుగుండం.
పొద్దున షట్టరెత్తి చూద్దును కదా,
తొంభై ఒకటి!
నా కొట్టు, నా స్టూలు, నిన్నటి టీ గ్లాసు
రాత్రికి రాత్రి అరవై ఏడు మీటర్లు ఎగిరిపోయాయన్నమాట,
ఓనరుకి తెలియకుండా.

దానికి ఎత్తు తెలీదు, పాపం.
గాలి బరువొక్కటే తెలుసు.
తక్కెడ పట్టుకున్న కూరగాయలవాడిలా
గాలిని తూచి
ఎత్తు అని ధర చెబుతుంది.

రెండో రోజు గాంధీ కొండ ఎక్కాను,
ముప్పై మెట్లకోసారి కూలబడుతూ.
నేను ఆగినప్పుడల్లా అదీ ఆగింది.
నా మోకాళ్లంత నిదానంగా,
నిజాయితీగా, అంకె వెనక అంకె.
నడిచేవాడికి ఇంతకన్నా మంచి తోడు లేదు.

మూడో రోజు
హార్లిక్స్ సీసా మూతకి చిల్లి, సైకిల్ ట్యూబు ముక్క,
పశువుల డాక్టరుని అడిగి తెచ్చిన లావుపాటి సిరంజి.
లోపల పక్కపక్కనే రెండు:
ఈ గడియారం,
హెప్సిబా ఎవరి దగ్గరో అరువు తెచ్చిన ముల్లు మీటరు.
గాలి లాగాను. రెండూ ఆకాశానికెక్కాయి.
వేలు తీసేశాను.

ముల్లు రాయిలా పడింది.
గడియారం ఆలోచించింది.
ఒక సెకను. లెక్క సరిచూసుకుంది.
రెండు. వెనకటి అంకెలతో సగటు కట్టింది.
మూడు.
అప్పుడు, మర్యాదగా, దిగడం మొదలెట్టింది.

రసీదు వెనక రాశాను:
పడేవాళ్లు సెకనుకి యాభై అయిదు మీటర్లు పడతారట.
మూడు యాభై అయిదులు నూట అరవై అయిదు.
నిన్న నేను గంటసేపు రొప్పుతూ ఎక్కిన కొండ.
అది అబద్ధం చెప్పదు హెప్సీ,
నిజమే చెబుతుంది,
ఒక గాంధీ కొండ ఆలస్యంగా.

ముప్పై రెండేళ్లుగా ఈ స్టూలు మీద కూర్చుని
"రోజుకి అయిదు సెకన్లు వెనకబడితే ఏం కాదండీ,
రైలు మాత్రం టైముకొస్తుందా" అంటూ
ఎన్ని మణికట్లకో కట్టి పంపాను.
ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఎడమ చేతికి ముల్లు మీటరు, అరువైనా, అద్దెకైనా.
ఇది కుడి చేతికి, ముచ్చటకి.
దీన్ని చూసి మాత్రం తాడు లాగొద్దు.
సరేనంది. సరేనన్నవాళ్లందరూ వింటారా?

ఆదివారం పదకొండింటికి ఫోను.
గాలి హోరు ఇంకా ఆమె గొంతులోనే ఉంది.
"ముల్లు చూసే లాగాను అంకుల్!
ఎక్కేముందు సున్నా చేశానా,
దిగి గడ్డి మీద నిలబడి చూస్తే
మైనస్ తొమ్మిది.
భూమి కింద ఉన్నానట నేను!"
పడీ పడీ నవ్వుతోంది.

కొట్లోని గోడ గడియారాలు
ఒకదాని తర్వాత ఒకటి, ఎవరి టైము ప్రకారం వాళ్లు,
పదకొండు కొడుతున్నాయి.
చివరిది కూడా ముగించేదాకా ఆగి
అన్నాను,
"సీలు ఇంకా మార్చనేలేదు తల్లీ, పట్రా."