గీతకు ఇవతల

"సరుకు ఓడెక్కిన క్షణం నుంచి
నష్టం కొన్నవాడిది" అని
తిరుపతి క్లాసులో సారు బోర్డు మీద
మూడు ఇంగ్లీషు అక్షరాలు రాసి, కింద గీత గీసినాడు.
ఎఫ్, ఓ, బి.
చెన్నై రేవు నుంచి రాటర్‌డామ్ దాకా
ఒక బాణం గుర్తు.

నేను ఆ గీతకు ఇవతలే ఉండిపోయినా.

ఇవతల, చిత్తూరు బైపాసులో, గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ
నూటపన్నెండో ట్రాక్టరు మునిరత్నం మామది.
రెండు రాత్రులుగా తోతాపురి కాయలు
పట్ట కింద చెమట పడతా ఉండాయి.
జేబులో టోకెను చీటీ మెత్తబడింది,
అడుగున కాయ కూడా.
పోయినేడు రేటు పలికింది కాబట్టి
నా ఫీజు కట్టిందీ ఆయనే.

"ఏం మే మునికుమారీ, పెద్ద చదువు చదవతా ఉండావే,
ఈ కుళ్లింది ఎవురి లెక్కలో రాస్తారు?"
ఫోనులో, నవ్వతానే అడిగినాడు.
వెనక ఎవురో
రేటు మళ్లా తగ్గిందని అరస్తా ఉండారు.

ఆ రాత్రి హాస్టల్లో
పుస్తకం చివరి పదకోశమంతా వెతికినా.
బీమాకు మాటుంది, సుంకానికి ఉంది,
యుద్ధమొస్తే ఎవరు భరించాలో అదీ ఉంది.
గేటు కాడి వరసకు లేదు.

సెమిస్టరు పరీక్షలో అదే ప్రశ్న.
పది మార్కులు.
ఓడ రాసినా. రేవు రాసినా.
బాణం కూడా గీసినా, స్కేలు పెట్టి.
తర్వాత లేచి నిలబడి
ఇంకో కాగితం అడిగినా.
"టైమయిపోతా ఉంది కదమ్మా" అన్నాడు ఇన్విజిలేటరు.

ట్రాక్టరు కాడి నుంచి మొదలుపెట్టినా.