ఆగే దూరం

కంటోన్మెంటు మలుపులో, తవిటయ్య షెడ్డులో
నా బండి నాలుగు చక్రాలూ విప్పుకుని
చెక్కదిమ్మల మీద కూర్చుంది,
స్నానానికి చొక్కా విప్పిన పెద్దమనిషిలా, కాస్త సిగ్గుగా.

రెండు టన్నుల ఆరువందల కిలోలు.
సాలూరు కాంట్రాక్టరు దగ్గర కొన్నప్పుడు అంత లేదు.
ముందు ఇనప బంపరు నేనే వేయించాను.
నెత్తిన క్యారేజీ, దాని మీద స్పీకరు డబ్బాలు,
వెనక కొక్కేనికి జనరేటరు.
బరువు పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు మెచ్చుకున్నారు.
బండంటే ఇదీ, అన్నారు.
ఎలా ఆగుతుందని మాత్రం
ఒక్కడూ అడగలేదు. నేనూ అడగలేదు.

మొన్న లచ్చివారం
సుంకిలో పెళ్ళి ముగించుకుని ఘాటీ దిగుతున్నాను.
తెల్లారుజాము, లోయ నిండా మంచు.
మూడో మలుపులో పెడలు మెత్తబడింది.
చద్దన్నంలో వేలు దిగినట్టు దిగిపోయింది కాలు.
వెనక నుంచి జనరేటరు తోస్తోంది,
అప్పులవాడిలా, మాట్లాడకుండా.
కాలిన వాసన.
రెండో గేరు. ఒకటో గేరు. హ్యాండు బ్రేకు పీకాను.
బండి మూలిగి, అడ్డం తిరగబోయి, తిరక్కుండా
ఆగింది.

ఎదురుగా ఒక కొండమనిషి,
నెత్తిన చీపుళ్ళ మోపు.
బంపరుకీ అతని మోకాలికీ మధ్య
మూడు వేళ్ళు పడతాయి. నాలుగోది పట్టదు.
తిట్టలేదు.
మోపు సర్దుకుని, బండి చుట్టూ తిరిగి
ఎగువకి నడిచాడు.
రాలిన చీపురుపుల్ల ఒకటి
బానెట్ మీద మిగిలింది.

తవిటయ్య డిస్కు మీద బొటనవేలు రాశాడు.
"నీలం తేలిపోనాది సూడు. కాల్చీసినావు బావూ."
పెద్ద డిస్కులు, ఆరు పిస్టన్ల కాలిపర్లు,
స్టీలు అల్లిక గొట్టాలు, అన్నీ వైజాగు నుంచి రావాలి.
నలభై రెండు వేలు.
మాఘమాసంలో మూడు పెళ్ళిళ్ళ సంపాదన,
లేదా జామి పండగలో మోగాల్సిన కొత్త యాంప్లిఫయరు.
యాంప్లిఫయరు ఊరంతటికీ వినిపిస్తుంది.
బ్రేకు, బాగుంటే, ఎవరికీ వినిపించదు.

ఇంట్లో పారమ్మని అడిగాను.
"బంపరుకి ముప్పై వేలు పోసినప్పుడు
నన్నడిగినావేటి?" అంది, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.
నిజమే.
భయానికి తోడు కావలసినప్పుడే
ఆమె సలహా గుర్తొస్తుంది నాకు.

తవిటయ్యకి ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదట.
నాలుగోవాణ్ణి వాళ్ళమ్మ
చేటెడు తవుడుకి పొరుగామెకి ఇచ్చి
మళ్ళీ కొనుక్కుందట. అందుకే ఆ పేరు.
అలాంటివాడితో ధర దగ్గర
నాకు నోరు పెగలదు.
కానీ తగ్గించింది అతనే.
టీ గ్లాసు ఆ కాలిన డిస్కు మీదే పెట్టి,
"పెద్ద బ్రేకులేస్తే నువ్వింకా బేగి దిగుతావు.
నానెరుగుదును నీలాటోల్లని.
ముందు బ్రేకాయిలు మార్సు, నాలుగేళ్ళై నీరట్టేసింది.
మంచి ప్యాడ్లెయ్యి.
జనరేటరుకి దాని బ్రేకు దానికుండాల.
ఆ కొమ్ములు పీకీ.
అప్పటికీ సాలకపోతే సూద్దుం."

కొమ్ములంటే బంపరు.
నలభై రెండు వేలు అడుగుతాడని వెళ్ళినవాణ్ణి,
తొమ్మిది వేలతో బయటపడ్డాను.
సంతోషించాలి కదా.
ఏదో పరువు పోయినట్టు
టైరు మీద చాలాసేపు కూర్చున్నాను.

బంపరు కాటాలో డెబ్బై ఒక్క కిలో తూగింది.
పాత ఇనుము రేటే ఇచ్చారు.

సాయంత్రం గొట్లాం దాటాక, ఖాళీ రోడ్డు మీద
అరవైలో నొక్కి చూశాను.
ఆగిన చోట దిగి, నొక్కిన చోటిదాకా
అడుగులు లెక్కపెడుతూ వెనక్కి నడిచాను.
ఇరవై తొమ్మిది.
మళ్ళీ చేశాను. ఇరవై ఏడు.
పొలంలో నువ్వులు కోస్తున్నవాళ్ళు
పని ఆపి నన్నే చూశారు.

పెద్ద డిస్కుల సంగతి ఇంకా తేల్చలేదు.
చీపురుపుల్ల డాష్‌బోర్డు మీదే ఉంది.
వచ్చే వారం సుంకిలో ఇంకో పెళ్ళి ఒప్పుకున్నాను.
జనరేటరు అక్కడే అద్దెకి దొరుకుతుందేమో
కనుక్కోవాలి.