పోయే తొవ్వ

రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు.
సీతాఫల్‌మండిలో, రెండో అంతస్తులో,
పగిలింది మా పడమటి కిటికీ లప్పం.
గోటితో గీరితే
మాడిన అట్టు అంచులా విరిగి ఒళ్ళో పడింది.

నిరుడు ఈ పని నేనే చేశాను.
రాణిగంజ్‌లో మూడు ట్యూబులు, ఒక గన్ను.
"పదేండ్లు మళ్ల చూసే పన్లేదు మేడమ్" అన్నాడు కొట్టతను.
సందు కనిపించిన చోటల్లా పూశాను:
చెక్కకూ గోడకూ నడుమ,
గాజుకూ చెక్కకూ నడుమ,
కింది పట్టెలో ఎవరో ఎందుకో పెట్టిన
మూడు చిన్న చిల్లుల్లో కూడా.
చీమ దూరని కిటికీని చూసుకుని
ఆ రాత్రి గర్వంగా నిద్రపోయాను.

దసరా సెలవుల్లో రంగు కింద బొబ్బ లేచింది.
నొక్కితే వేలు లోపలికి పోయింది.
టేకు. మా మామగారు బిల్లు దాచుకున్న టేకు.
చాయ్‌లో మరిచిపోయిన బిస్కెట్టు.

ఏడాదంతా వాయిదా వేసి, ఇప్పుడు పిలిస్తే
వడ్ల నాంపల్లి వచ్చాడు.
(పేరు స్టేషన్‌ది కాదు, దేవుడిదట.)
ఉలి తీయలేదు. స్క్రూడ్రైవర్ పిడితో
చౌకట్టు పొడుగునా తట్టుకుంటూ పోయాడు,
చెవి ఆనించి.
టక్. టక్. టక్.
బొద్.
"గీడ సచ్చింది."

చిల్లుల్లోని నా సిలికాన్ చూసి నవ్వలేదు. అదే నయం.
"నీళ్ళు యాడికెల్లి వస్తయో ఎవలికి ఎరుకమ్మా.
వచ్చుడు శానమట్టుకు ఆపుతం.
పోవుడు ఆపొద్దు.
నువ్వు పోయే తొవ్వ మూసినవ్."

రెండు రోజులు.
చచ్చినంత మేర కోసి, కొత్త ముక్క దిగేసి,
అవిసె నూనె తాగినంత తాగించి,
సుద్దా నూనే నా ముందు పెట్టాడు.
పిసకడం నాకొచ్చిన పనే:
పూరీ పిండికన్నా మెత్తగా, చపాతీకన్నా గట్టిగా,
కాదు, అటుదిటు. ఎప్పుడూ తికమకే.
చేతులకు మాత్రం తెలుసు.
గోడ అంచున సిలికాన్ గీసి
సబ్బునీళ్ళలో ముంచిన వేలితో ఒకే లాగుడు,
ఈ మూల నుంచి ఆ మూలకు,
ఊపిరి బిగబట్టి.
ఎదురింటి అల్యూమినియం కిటికీలోంచి
సుగుణక్క అడిగింది, "ఇంకా ఆ కట్టెలెందుకే?"
నోట్లో ఊపిరి ఉంది, జవాబు చెప్పలేదు.

రెండు చిల్లులు తెరుచుకున్నాయి.
మూడోదాన్లో, నా సిలికాన్ ఊడిన చోట,
మట్టి. గుండ్రంగా, నున్నగా, నాకన్నా బాగా పూసింది.
కుమ్మరి పురుగు.
వడ్లాయన డ్రిల్లు దించేశాడు.
"ఆమెది ఆమె పని" అని
రెండంగుళాల పక్కన ఇంకో చిల్లు వేశాడు.
దానికి పైసలు తీసుకోలేదు,
మిగతా అన్నిటికీ గట్టిగా బేరమాడాడు.

మృగశిర నాడు కింది వాటాలో కొర్రమట్ట వేగుతుంటే
పడమట నుంచి విసిరికొట్టింది వాన.
కరెంటు పోయింది. ఫోన్ లైటు పట్టుకుని
పట్టె మీద అరచెయ్యి ఆనించాను.
పొడి. పొడి. ఇక్కడా పొడి.
బయట మూడు చిల్లుల్లోంచి
మూడు సన్నని దారాలు
చీకట్లోకి.

తెల్లారి చూస్తే
మట్టి మూతకూ ఒక చిల్లు.
లోపలి నుంచి చేసింది.