పదకొండో మంచం

గ్రిమ్స్‌బీలో తెల్లవారుజామున నాలుగింటికి
లెన్ సగ్డెన్ పోయాడు.
కూతురికి ఫోన్ చేస్తే
"సరే" అంది, పెట్టేసింది.
నేనైతే, నిజం చెప్పాలి,
చార్టులో టైము రాస్తూ
వీడి పీడ విరగడైంది అనుకున్నాను,
తెలుగులో, మనసులోనే.

తొమ్మిది రాత్రులు చిటికేసి పిలిచాడు నన్ను.
హైమవతి అనడానికి నోరు తిరగదంటే సరే,
బ్యాడ్జి మీద హైమ అనే ఉంది,
రెండే అక్షరాలు.
ఒకసారి టీ కప్పు విసిరాడు.
ఇంకెవర్నైనా పంపమన్నాడు,
ఏ రంగు చేతుల్ని పంపాలో
విడమరిచి మరీ చెప్పాడు.

గ్లెనిస్ గిన్నెలో వేణ్ణీళ్లు తెచ్చింది.
ముప్పై ఏళ్ల సర్వీసు, రెండు మోకాళ్లూ నొప్పే.
"మొహం తుడుస్తున్నానండీ లెన్,
నీళ్లు కాస్త వేడిగా ఉంటాయి" అంది.

"వినపడదుగా" అన్నాను.
"బతికుండగా మాత్రం విన్నాడా ఏంటి?" అంది గ్లెనిస్,
కట్టుడు పళ్లు కడిగి పెడుతూ.
తిట్టిన నోరు
బుగ్గలు నిండి, పెద్దమనిషి నోరైంది.

మర్యాద ఇచ్చి పుచ్చుకోమంటారు మాలో.
వంకాయల బేరంలా ఉంటుంది ఆ మాట,
నువ్వింత తూస్తే నేనింత.
రెండో పళ్లెం పట్టుకునే చెయ్యే లేనప్పుడు
దేన్ని దేంతో తూచను?
ఇతగాడు ఇక సంపాదించుకునేదీ లేదు,
పోగొట్టుకునేదీ లేదు.

కుడిచెయ్యి నా వంతుకొచ్చింది.
చిటికెల చెయ్యి.
బొటనవేలి మొదట్లో
తాడు కోసుకుపోయిన పాత మచ్చ, తెల్లగా,
ఏ చేపలపడవ మీదో, ఏ మంచులోనో.
వేలికీ వేలికీ మధ్య తుడిచాను.
గోళ్లకింద మట్టి కూడా తీశాను.
"చెయ్యి తిప్పుతున్నానండీ"
అన్నదెవరా అని నేనే చూశాను.

క్షమించాననుకోకండి.
టీ మరక నా ట్యూనిక్ మీద ఇంకా ఉంది,
రెండు ఉతుకులకీ పోలేదు.

గ్లెనిస్ కిటికీ తీసింది.
ఆస్పత్రి కిటికీ, జానెడుకి మించి తెరుచుకోదు.
ఆ జానెడులోంచే
సముద్రపు నీచువాసన లోపలికొచ్చింది.
ఆయన బయటికి వెళ్లారో లేదో మరి.

ఆరింటికి ట్రాలీ తోసుకొచ్చిన కుర్రాడు
చూయింగ్‌గమ్ నములుతూ
"ఇదేనా?" అన్నాడు.

"ఇది కాదు" అన్నాను.
"ఈయన. సగ్డెన్ గారు.
మెల్లగా తొయ్యి,
లిఫ్టు గడప దగ్గర కుదుపుంటుంది."